నిప్పుల మీద కాల్చిన పండు: వేసవి విందుకు తేలికైన తీపి

వేసవి సెలవులంటే ఇంటి నిండా మనుషులు. దూరాన చదువుకుంటున్న పిల్లలు వస్తారు, పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లలు పుట్టింటికి వస్తారు, అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవారు నెల రోజుల సెలవు పెట్టుకుని దిగుతారు. అందరూ కూడిన రోజున బిరియాని, వేపుడు, ఆ తరువాత గులాబ్‌జామూన్, ఐస్‌క్రీమ్, కూల్‌డ్రింక్ తప్పనిసరి. ఆ విందు అయిన నాలుగు రోజులకే మా ఔట్‌పేషెంటు విభాగం ముందు వరుస పెరుగుతుంది. "సిస్టరమ్మా, మాత్రలన్నీ వేసుకుంటూనే ఉన్నాను, అయినా షుగర్ మూడువందలు చూపించింది" అని చెప్పే పెద్దవారిని ప్రతి మే నెలలోనూ చూస్తున్నాం.

వారిని కోప్పడి ప్రయోజనం లేదు. పదిమంది కలిసి తింటున్నప్పుడు ఒక్కరిని మాత్రం తీపి లేకుండా కూర్చోబెట్టడం కష్టమే. "మీకు వద్దులే తాతయ్యా" అని మనవడు గిన్నె పక్కకు జరిపితే ఆ పెద్దాయన మనసు ఎంత చిన్నబుచ్చుకుంటుందో కూడా మేము విన్నాం. అందుకే ఈ సంచికలో "తినవద్దు" అనే మాట తగ్గించి, ఇంటిల్లిపాదీ ఒకే పళ్ళెంలోంచి తీసుకోగలిగిన ఒక తీపి గురించి రాస్తున్నాం. అది నిప్పుల మీద కాల్చిన పండు. ఖర్చు తక్కువ, నూనె దాదాపు అక్కరలేదు, చక్కెర అసలే అక్కరలేదు. అయితే ఎంత తినాలి, ఎవరు తినకూడదు, నిప్పు దగ్గర ఎలా మెలగాలి అన్న మూడు సంగతులు తెలిసి ఉండాలి.

ఈ అలవాటు ఎక్కడిది?

పెరట్లో బొగ్గుల పొయ్యి వెలిగించి, మాంసం కాల్చుకుని, చివర ఆ నిప్పు మీదే పండ్లు కాల్చుకోవడం అమెరికాలో వేసవి అలవాటు. అక్కడ మే నెల చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే నుండి సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే వరకు, మధ్యలో జూలై 4న, ఈ విందులు ఎక్కువగా జరుగుతాయి. బార్బెక్యూ అన్న మాట కరీబియన్ దీవుల ఆదివాసుల భాష నుండి స్పానిష్ ద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది. కర్రలతో కట్టిన మంచె మీద ఆహారం పెట్టి కింద నిప్పు వేసే పద్ధతి వారిది. నేడు అమెరికా పెరళ్ళలో కనిపించే, మూత ఉన్న గుండ్రని పొయ్యిని 1952లో చికాగో ప్రాంతంలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన తయారుచేశారు. ఆయన పనిచేసే లోహపు కార్ఖానాలో నీటి మీద తేలే బోయాలు తయారయ్యేవి. ఆ గోళాన్ని రెండుగా కోసి, కిందిదానికి కాళ్ళు, పైదానికి పిడి పెట్టారు.

అక్కడివారు ఎక్కువగా కాల్చేది పీచ్ పండు. దాన్ని రెండు చెక్కలుగా కోసి, టెంక తీసి, కోసిన వైపు నిప్పుకు పెడతారు. బ్రెజిల్ దేశపు మాంసం హోటళ్ళలో అనాసపండును పొడవాటి ఊచకు గుచ్చి, దాల్చినచెక్క పొడి చల్లి కాల్చి, భోజనం చివర పలుచని ముక్కలుగా కోసి వడ్డిస్తారు. ఇండోనేషియాలోనూ థాయ్‌లాండ్‌లోనూ కాల్చిన అరటిపండు వీధి బండ్ల మీద దొరుకుతుంది.

మనకూ ఇది కొత్తేమీ కాదు. తాటిపండును నిప్పుల మీద కాల్చి, ఆ పసుపుపచ్చని గుజ్జు పీచుతో సహా చప్పరించిన తరం ఇంకా మన ఇళ్ళలో ఉంది. కాల్చిన తేగలు, కాల్చిన మొక్కజొన్న పొత్తు, బూడిదలో మగ్గిన చిలగడదుంప మన చిరుతిళ్ళే. ఈ దుంపనే రాయలసీమలో గెనుసుగడ్డ అనీ, తెలంగాణలో కందగడ్డ అనీ అంటారు. మామిడికాయను, వంకాయను కాల్చి పచ్చడి చేసుకుంటాం. కాబట్టి అనాస, మామిడి, అరటి పండ్లను అదే నిప్పు మీద పెట్టడానికి కొత్త సామాను కొననవసరం లేదు. పాత బొగ్గుల కుంపటి, దాని మీద ఒక ఇనుప జాలీ, ఒక పొడవాటి పటకారు ఉంటే చాలు.

కాలిస్తే పండుకు ఏమవుతుంది?

పండులో ఎక్కువ భాగం నీరే. నిప్పు తగిలినప్పుడు పైభాగంలోని నీరు కొంత ఆవిరై, మిగిలిన రసం చిక్కబడుతుంది. ఆ రసంలోని చక్కెరలు వేడికి గోధుమరంగుకు తిరిగి, పాకం వాసన వస్తుంది. పండులో సహజంగా ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర సుమారు 110 డిగ్రీల సెల్సియస్ దగ్గరే రంగు మారడం మొదలుపెడుతుంది. మనం వాడే పంచదారకు సుమారు 160 డిగ్రీలు కావాలి. అందువల్లనే పైన ఒక్క చెంచా చక్కెర చల్లకపోయినా కాల్చిన పండు జిలేబి పాకం లాంటి రుచినిస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కాల్చినందువల్ల పండులో చక్కెర పెరగదు. ఒక చక్రం అనాసలో కాల్చకముందు ఎంత చక్కెర ఉందో కాల్చిన తరువాతా దాదాపు అంతే ఉంటుంది. నీరు తగ్గి ముక్క చిన్నదవుతుంది కాబట్టి నాలుకకు ఎక్కువ తీపిగా అనిపిస్తుంది. అయితే ముక్క చిన్నగా కనిపిస్తోంది కదా అని రెండు తినేచోట నాలుగు తినడం జరుగుతుంది. కనుక లెక్క ఎప్పుడూ పచ్చి పండు మీదే వేసుకోవాలి.

వేడికి విటమిన్ సి కొంత నశిస్తుంది. పీచుపదార్థం, పొటాషియం వంటివి ఉంటాయి. అనాసపండు తిన్నప్పుడు కొందరికి నాలుక గరగరలాడుతుంది. దానికి ముఖ్య కారణం అందులో ఉండే బ్రోమెలైన్ అనే ఎంజైము. మాంసకృత్తులను విడగొట్టే గుణం దానికి ఉంది. బాగా వేడెక్కితే అది పనిచేయడం మానేస్తుంది. అందుకే పచ్చి అనాస పడనివారిలో చాలామంది కాల్చిన అనాసను హాయిగా తినగలుగుతారు. అయితే అనాస తిన్నప్పుడు పెదవులు వాయడం, ఒంటిపై దద్దుర్లు, ఆయాసం వంటివి వచ్చేవారు కాల్చినదైనా ముట్టకూడదు. అది అలర్జీ కావచ్చు, డాక్టరుగారికి చూపించుకోవాలి.

ఏ పండు? ఎలా?

నిప్పుకు పెట్టే పండు దోరగా పండి, వేలితో నొక్కితే కాస్త గట్టిగా ఉండాలి. మెత్తబడిన పండు జాలీలోంచి జారి బొగ్గుల్లో పడుతుంది. పుచ్చకాయ, ద్రాక్ష, కమలా వంటి నీటి పండ్లను చల్లగా తినడమే మంచిది.

1. అనాస: ఆరుగురికి మధ్యరకం పండు ఒకటి సరిపోతుంది. వేసవి చివర, వానలు మొదలయ్యే రోజుల్లో సీతంపేట మన్యం పండ్లు మన బజార్లకు వస్తాయి. పైచెక్కు, కళ్ళు తీసి, అర అంగుళం మందాన చక్రాలుగా కోసి, మధ్యలోని గట్టి దవ్వ తీసేయాలి. ఒక్కో వైపు మూడు నాలుగు నిముషాలు కాల్చాలి. దించాక చిటికెడు దాల్చినచెక్క పొడి, నాలుగు చుక్కల నిమ్మరసం చల్లితే చాలు. పిల్లలకు చిటికెడు మిరియాల పొడి కూడా నచ్చుతుంది.

2. మామిడి: దీనికి బంగినపల్లి అనువైనది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మన పండు ఇది. గుజ్జు గట్టిగా ఉండి పీచు తక్కువ కాబట్టి నిప్పు మీద నిలుస్తుంది. చిన్నరసం, పెద్దరసం వంటి రసాలు దీనికి పనికిరావు, వాటిని జుర్రుకోవలసిందే. తొక్క తీయకుండా టెంకకు రెండు ప్రక్కలా చెక్కలు కోసి, తొక్క తెగకుండా గుజ్జు మీద గళ్ళు గళ్ళుగా గీతలు పెట్టాలి. కోసిన వైపు నిప్పుకు పెట్టి రెండు మూడు నిముషాలు ఉంచితే చాలు. కాలిన వాసనతో పాటు పండు వాసన కూడా నిలుస్తుంది.

3. అరటి: చక్కెరకేళి, అమృతపాణి వంటి మెత్తటి రకాలను తొక్కతోనే కాల్చాలి. పొడవునా ఒక గాటు పెట్టి, తొక్క కింది వైపు ఉండేలా జాలీ మీద పరచాలి. ఐదారు నిముషాల్లో తొక్క నల్లబడి లోపల గుజ్జు వెన్నలా అవుతుంది. యాలకుల పొడి చల్లి చెంచాతో తినవచ్చు. పళ్ళు లేని పెద్దవారికి, జ్వరం నుండి తేరుకుంటున్నవారికి ఇది సులువుగా దిగుతుంది.

4. బొప్పాయి: బొటనవేలంత మందాన పొడుగు ముక్కలు కోసి, ఒక్కో వైపు రెండు నిముషాలు కాల్చి, నిమ్మరసం, మిరియాల పొడి, చిటికెడు ఉప్పు చల్లాలి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానేయాలి.

ముక్కలు జాలీకి అంటుకోకుండా శుభ్రమైన గుడ్డతో జాలీకి కాస్త నూనె రాస్తే సరిపోతుంది. పండు మీద నెయ్యి, వెన్న పోయనవసరం లేదు. ఐస్‌క్రీమ్‌కు బదులు, కట్టిన పెరుగును పలుచని గుడ్డలో గంటసేపు వేలాడదీసి, ఆ చిక్కటి పెరుగును ఒక చెంచా పక్కన వేసి వడ్డించండి. పుల్లగా, తీయగా బాగుంటుంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కాల్షియం కార్బైడుతో పండ్లు మాగబెట్టడాన్ని మన దేశంలో చట్టం నిషేధించింది. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలలో కూడా ఈ నిషేధం ఉంది. ఆ రసాయనంలో ఆర్సెనిక్, భాస్వరం ఆనవాళ్ళు ఉంటాయి. సీజను రాకముందే వచ్చిన పండ్లకు తొందరపడకండి. ఏ పండునైనా కోయకముందే ధారగా పడే నీటి కింద రుద్ది కడగండి. కాల్చితే రసాయనాలు పోతాయనుకోవద్దు.

మాంసం కాల్చిన జాలీ మీద పండు పెట్టవచ్చా?

చాలా ఇళ్ళలో ముందు చికెన్, తరువాత పండు అన్నట్టుగా జరుగుతుంది. పచ్చి చికెన్ నీటిలో విరేచనాలు కలిగించే సాల్మొనెల్లా వంటి క్రిములు ఉంటాయి. చికెన్ కోసిన పీట మీద, అదే కత్తితో పండు కోస్తే ఆ క్రిములు పండుకు అంటుకుంటాయి. పండును మనం కొద్ది నిముషాలే కాలుస్తాం కాబట్టి అవి పూర్తిగా చావకపోవచ్చు. కాబట్టి పండ్లు ముందే కోసి మూతపెట్టుకోండి. పీట, కత్తి, పటకారు, పళ్ళెం వేరుగా ఉంచండి. పచ్చి మాంసం నానబెట్టిన మసాలా నీళ్ళను పండు మీద ఎన్నడూ పూయవద్దు. జాలీని బాగా కాచి, ఇనుప బ్రష్షుతో గోకి, ఊడిన తీగ ముక్కలేవీ లేకుండా తడిగుడ్డతో తుడిచి వాడండి. అన్నిటికంటే మంచిది పండ్లను ముందుగా కాల్చడం. శాకాహారులైన బంధువులకూ అదే మర్యాద.

మాంసం బాగా మాడినప్పుడు, దాని కొవ్వు నిప్పుల్లో పడి పొగ లేచినప్పుడు హాని చేసే కొన్ని పదార్థాలు తయారవుతాయి. పండులో కొవ్వు దాదాపు లేదు కాబట్టి ఈ బెడద చాలా తక్కువ. అయినా బంగారు రంగు వచ్చేదాకానే కాల్చండి. బొగ్గులా మాడిన అంచులను కోసి పారేయండి.

షుగర్ ఉన్నవారు ఎంత తినవచ్చు?

ఐసీఎంఆర్ సహకారంతో జరిగి 2023లో ప్రచురితమైన పెద్ద అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారు. మన కుటుంబాల్లో ఆ జబ్బు లేని ఇల్లు అరుదు. అందుకే ఈ భాగాన్ని నిదానంగా చదవండి.

ఆహార నిపుణులు పండ్లను 15 గ్రాముల పిండిపదార్థం ఒక వంతుగా లెక్కిస్తారు. పచ్చి పండు కొలతలో ఒక వంతు అంటే సుమారుగా ఇంత:

అనాస: రెండు పలుచని చక్రాలు (100 నుండి 115 గ్రాములు).
మామిడి: 100 గ్రాముల గుజ్జు, అంటే చిన్న పండులో సగం.
అరటి: చిన్న పండు ఒకటి లేక పెద్ద పండులో సగం.
బొప్పాయి: ముక్కలు ఒక కప్పు (140 గ్రాములు).
పీచ్: మధ్యరకం పండు ఒకటి.

షుగర్ అదుపులో ఉన్నవారు విందు రోజున వీటిలో ఏదో ఒక్కటి, ఒక్క వంతు తీసుకోవచ్చు. నాలుగు రకాలూ ఒక్కో వంతు అంటే నాలుగు వంతులవుతాయని మరువవద్దు. ఆ వంతు తినదలచినప్పుడు అన్నంలో ఒక గరిటె తగ్గించండి. బాగా మచ్చలు పడ్డ అరటిపండులో పిండి చాలా భాగం చక్కెరగా మారిపోయి ఉంటుంది కాబట్టి షుగర్ త్వరగా పెరుగుతుంది. దోరపండు తీసుకోండి. గ్లూకోమీటర్ ఉన్నవారు తిన్న రెండు గంటలకు చూసుకుంటే తమ ఒంటికి ఏ పండు ఎంత సరిపడుతుందో వారికే తెలుస్తుంది. ఆ లెక్కను చిన్న పుస్తకంలో రాసి పరీక్షకు వచ్చినప్పుడు మాకు చూపించండి, డాక్టరుగారికి అది ఎంతో ఉపయోగం.

తేనె, బెల్లం, తాటిబెల్లం సహజమైనవి కదా అని పండు మీద పోసుకునేవారున్నారు. రక్తంలో కలిసేటప్పుడు అవీ చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారం బయటినుండి చేర్చే చక్కెర, తేనె, పండ్ల రసాలలోని చక్కెర అన్నీ కలిపి రోజుకు 25 గ్రాములకు, అంటే సుమారు ఆరు చిన్న చెంచాలకు మించకపోతే మరింత మేలు. ఈ సలహా షుగర్ లేనివారికి కూడా. ముక్కలుగా నమిలి తినే పండులోని చక్కెర ఈ లెక్కలోకి రాదు. పండ్లు, కూరగాయలు కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు తినాలని కూడా అదే సంస్థ చెబుతోంది.

ఇన్సులిన్ తీసుకునేవారు మరో మాట గుర్తుంచుకోవాలి. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడంతో షుగర్ పడిపోయినప్పుడు పండు కాల్చుకుంటూ కూర్చోకూడదు. వెంటనే మూడు చెంచాల గ్లూకోజు లేక పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు. 108కి ఫోను చేయాలి.

వీరు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి

కిడ్నీ జబ్బు ఉన్నవారు: 100 గ్రాముల అరటిపండులో సుమారు 350 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. దెబ్బతిన్న మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కాల్చినా పొటాషియం పోదు. డయాలసిస్ మీద ఉన్నవారు, క్రియాటినిన్ పెరిగినవారు డాక్టరుగారిని అడిగి మాత్రమే పండు తినాలి.

ఏడాదిలోపు పసిపిల్లలు: వారికి తేనె నాకించవద్దు. తేనెలో ఉండగల ఒక రకం క్రిమి బీజాలు పసికందు పేగుల్లో పెరిగి నరాలను చచ్చుబడేలా చేసే విషం పుట్టిస్తాయి. కాల్చిన పండు మీద పూసిన తేనె కూడా అంతే.

అమెరికా వెళ్ళే అమ్మానాన్నలు: పిల్లల దగ్గరకు వేసవిలో వెళ్ళేవారు మన సంఘ కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. అక్కడ గ్రేప్‌ఫ్రూట్ అనే పెద్ద నారింజ జాతి పండును సగానికి కోసి, పైన చక్కెర చల్లి కాల్చి పెడతారు. పేరు విని ద్రాక్ష అనుకోవద్దు. కొలెస్టరాల్‌కు వాడే అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్, రక్తపోటుకు వాడే నిఫెడిపిన్ వంటి మందులు ఒంట్లో విరగకుండా ఈ పండు అడ్డుపడుతుంది. దానివల్ల వేసుకున్నది ఒక్క మాత్రే అయినా రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుంది. మన పంపరపనసకూ ఇదే గుణం ఉంది. కాల్చితే ఆ గుణం పోతుందని నమ్మకండి. ఈ మందులు వాడేవారు డాక్టరుగారిని అడగకుండా ఈ రెండు పండ్లూ తినకూడదు. అక్కడి విందులో కాల్చిన పీచ్ పండు పెడితే నిశ్చింతగా ఒకటి తినండి, దాని మీద వేసే ఐస్‌క్రీమును మాత్రం మర్యాదగా వద్దనండి.

నిప్పు దగ్గర మెలకువ

కాలిన గాయాలకు కట్లు కట్టే మాకు ఈ భాగమే అన్నిటికంటే ముఖ్యం.

1. కుంపటిని ఎప్పుడూ ఆరుబయటే వెలిగించండి. మూసిన గదిలో, వరండా తలుపులు వేసి, కారు షెడ్డులో బొగ్గులు కాల్చకూడదు. బొగ్గు నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు ఉండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, మగత వస్తే వెంటనే ఆ మనిషిని బయటి గాలిలోకి తెచ్చి 108కి ఫోను చేయండి. వాన వచ్చిందని మండుతున్న కుంపటిని ఇంట్లోకి తేవద్దు.

2. గడ్డివాము, తాటాకు పాక, ఎండుటాకుల కుప్ప, గ్యాసు సిలిండరు దగ్గరలో నిప్పు వద్దు. మన వేసవిలో వడగాలికి ఒక్క రవ్వ ఎగిరితే చాలు. ఎండ తగ్గి గాలి నిలిచిన సాయంత్రం వేళ వెలిగించండి. పక్కనే ఒక బకెట్టు నీళ్ళు, ఒక బకెట్టు ఇసుక పెట్టుకోండి.

3. అంటుకున్న నిప్పు మీద కిరోసిన్, పెట్రోలు, శానిటైజరు పోయవద్దు. మంట సీసా దాకా పాకుతుంది. ఎండు కొబ్బరి పీచుతో నిదానంగా అంటించి విసనకర్రతో విసరండి. బొగ్గులకు తెల్లటి నివురు పట్టాకనే పండు పెట్టాలి. మంట మీద పెడితే పైన మాడి లోపల చల్లగా ఉంటుంది.

4. ప్లాస్టిక్, రంగు వేసిన చెక్క కాల్చవద్దు. ముక్కలు గుచ్చడానికి పెరట్లో కనిపించిన పుల్ల విరవవద్దు. గన్నేరు చెట్టు పుల్ల, ఆకు, పువ్వు అన్నీ విషమే. శుభ్రమైన వెదురు పుల్లలను అరగంట నీళ్ళలో నానబెట్టి వాడండి, లేదా ఇనుప ఊచలు వాడండి.

5. నైలాన్ చీర, వేలాడే చున్నీతో నిప్పు దగ్గరకు రావద్దు. నూలు బట్టలు కట్టుకుని కొంగు దోపుకోండి. పిల్లలను మూడు అడుగుల దూరంలో ఉంచి, వారిని చూడడానికి పెద్దవారొకరిని నియమించండి.

6. పని అయ్యాక నిప్పు మీద నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోయండి. నివురు కింద నిప్పు గంటల తరబడి ఉంటుంది. బూడిదను వాకిట్లో పారబోస్తే మరునాడు పొద్దున్న ఆడుకునే పసివాడు దాని మీద అడుగు వేస్తాడు. పిల్లల అరికాళ్ళు ఇలాగే కాలుతుంటాయి.

7. కాల్చిన పండును ఐదు నిముషాలు ఆరనిచ్చి పెట్టండి. పైన చల్లగా ఉన్నా లోపలి తీపి రసం చాలా వేడిగా ఉండి నోరు కాలుస్తుంది.

ఒకవేళ కాలితే: కాలిన చోటును 20 నిముషాల పాటు ధారగా పడే మామూలు చల్లని నీటి కింద ఉంచండి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. ఐసు పెట్టవద్దు. టూత్‌పేస్టు, సిరా, కాఫీపొడి, నెయ్యి, కోడిగుడ్డు సొన ఏదీ పూయవద్దు. వాటిని గాయం మీదనుండి కడిగే సమయంలో రోగి పడే బాధను మేము రోజూ చూస్తుంటాం. బొబ్బలు చిదపవద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి తీసుకురండి. కాలింది రోగి అరచేయి కంటే పెద్దదైనా, ముఖం, చేతులు, కీళ్ళు, మర్మావయవాల దగ్గరైనా, కాలినవారు చిన్నపిల్లలైనా ఆలస్యం చేయకూడదు.

మమ్మల్ని అడిగే ప్రశ్నలు

కాల్చిన పండు ఒంటికి వేడి చేస్తుందా?
వేసవిలో నీరసం, మంటగా మూత్రం రావడం వంటివి చాలావరకు నీరు చాలకపోవడం వల్ల వస్తాయి. ఒక వంతు కాల్చిన పండు తిన్నందువల్ల కాదు. నిప్పు దగ్గర నిలబడేవారు మాత్రం తరచు మంచినీళ్ళు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ తాగాలి.

గర్భిణి బొప్పాయి తినవచ్చా?
పచ్చి, దోర బొప్పాయిలో పాలు ఉంటాయి కనుక గర్భిణులు వాటిని తినకూడదు. కాల్చడానికి దోరపండే కావాలి కాబట్టి వారికి బొప్పాయి వదిలి మామిడిగానీ అరటిగానీ ఇవ్వండి.

కుంపటి లేదు, అపార్టుమెంటులో ఉంటున్నాం. ఎలా?
బాల్కనీలో బొగ్గులు వెలిగించవద్దు. గ్యాసు పొయ్యి మీద మందపాటి ఇనుప పెనం బాగా కాచి, అర చెంచా నూనె రాసి, అనాస చక్రాలు పరచండి. బొగ్గు వాసన రాదుగానీ రంగు, రుచి వస్తాయి.

మిగిలినది మరునాటికి ఉంచవచ్చా?
వేసవి వేడికి ఒక గంట మించి బయట ఉంచవద్దు. మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టి మరునాడు తినేయండి.

ఈ వేసవిలో మీ ఇంట్లో అందరూ కూడినప్పుడు ఒక్కసారి ఇలా చేసి చూడండి. షుగర్ ఉన్న పెద్దవారి పళ్ళెంలోనూ, పిల్లల పళ్ళెంలోనూ ఒకే తీపి పెట్టండి. పెద్దవారి వంతును ముందే కొలిచి వేరుగా ఉంచండి. కుంపటి చల్లారిందని మీ చేత్తో మీరే చూసుకున్న తరువాతనే పడుకోండి. పరీక్షకు వచ్చేటప్పుడు షుగర్ పుస్తకం మరచిపోకండి.

నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ సిబ్బంది